నాన్నగారి జడ

కిందటి నెల భీమడోలు నుంచి ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో తెలుగు చెబుతాడట. మన ప్రాంతంలో పుట్టి, నాటకాల్లోనూ సినిమాల్లోనూ చిన్నాచితకా వేషాలు వేసి, ఎవరికీ గుర్తులేకుండా పోయినవాళ్ల జీవితాలను మనిషికొక పేజీ చొప్పున పుస్తకంగా వేస్తున్నాడట. "మీ నాన్నగారి గురించి కూడా ఒక పేజీ కావాలండి" అని అచ్చువేసిన కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. పేరు, ఊరు, గురువు, ముఖ్యమైన వేషాలు, నటించిన సినిమాలు, పొందిన సన్మానాలు అని వరసగా గళ్లున్నాయి. మంచి పిల్లవాడు, నేను కళ్లజోడు వెతుక్కుని నింపేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. సినిమాల గడి దగ్గర నా కలం ఆగిపోయింది. "ఏమీ లేకపోతే గీత పెట్టేయండి, ఫరవాలేదండి" అన్నాడు. గీత పెట్టాను. అతను కాఫీ తాగి వెళ్లిపోయాక ఆ గీత నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ గడిలో పట్టని సంగతి ఒకటి ఉంది. అది రాయవలసినదాన్ని నేనే, ఎందుకంటే అందులో తప్పు నాది.

మా నాన్నగారి పేరు వెంకటరత్నం. ఆడవేషాలు వేసేవారు. ఏలూరులో కాలవకు దగ్గరగా, రెండు గదులూ ఒక పెరడూ ఉన్న పెంకుటింట్లో ఉండేవాళ్లం. నేను పుట్టేనాటికే ఆయనకు మోకాళ్లకు రెండు జానల పైదాకా జడ ఉండేది. సవరం పెట్టుకుని వేషం వేసేవాళ్లను చూస్తే ఆయనకు చిన్నచూపు. "పెట్టుడు జుట్టుతో ఏడిస్తే పెట్టుడు ఏడుపే వస్తుంది" అనేవారు. పగటిపూట ఆ జడను ముడిచుట్టి, పైన తలగుడ్డ కట్టుకుని పంచె, లాల్చీ వేసుకుని బజారుకు వెళ్లేవారు. తెలియనివాళ్లు ఎవరో పెద్ద రైతు అనుకునేవారు.

ఆదివారం వచ్చిందంటే మా పెరట్లో పొద్దున్నుంచీ ఒకటే హడావుడి. అమ్మ ముందురోజే కుంకుడుకాయలు కొట్టి నానబెట్టేది. రాగి కాగులో నీళ్లు మరుగుతూ ఉండేవి. ముందు నాన్నగారు పీట మీద కూర్చునేవారు, పక్కన చిన్న పీట మీద నేను. ఇద్దరికీ ఒకే గిన్నెలో నూనె. ఆయన తల రుద్దేసరికి అమ్మకు చేతులు పడిపోయేవి. "నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పెళ్లి కూడా చేశాను" అని సణిగేది. నాన్నగారు కళ్లు మూసుకునే నవ్వేవారు. తలలు తుడుచుకున్నాక నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబెట్టేది అమ్మ. గంపంతా నాన్నగారి జుట్టే. ఒక మూల మిగిలితే నాది. అమ్మ జుట్టు మాత్రం పల్చగా, భుజాలు దాటేది కాదు. ఆమెకు గంపతో పని లేదు. తడి ఆరకముందే ముడేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆమె పెళ్లి పట్టుచీర ఒక్కటే మా ఇంట్లో పట్టుచీర. అది కూడా నాటకాల పెట్టెలోనే ఉండేది. పేరంటాలకు నేతచీర కట్టుకుని వెళ్లేది. అడిగితే, "ఆయనకున్న భుజాలు నాకు లేవులే, పట్టు ఆయన మీదే నిలుస్తుంది" అనేది. అది వేళాకోళమో బాధో నాకప్పుడు తెలిసేది కాదు. ఇప్పుడూ పూర్తిగా తెలియదు.

ఆయన పాఠం వల్లెవేసే పద్ధతి కూడా వేరు. పద్యాలు ఎప్పుడో వచ్చేశాయి, వాటితో బాధ లేదు. నడక కోసం తాపత్రయపడేవారు. కాలవ గట్టు మీద కూర్చుని నీళ్లు ముంచుకునే ఆడవాళ్లను చూసేవారు. ఒకసారి మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒకామెను ఆపి, "ఏమ్మా, ఆ బిందె చంకనెత్తుకున్నాక ముందు ఏ కాలు వేశావు?" అని అడిగితే, ఆమె బిందె అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తింది. సాయంత్రం వాళ్లాయన గొడవకు వచ్చి, విషయం తెలుసుకుని, కాఫీ తాగి, మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, "చెప్పు, ఏ కాలు వేశావో" అన్నాడు. ఆ తర్వాత వాళ్లింటి ఆడపడుచు పెళ్లికి పూలజడ కుట్టింది మా నాన్నగారే. మా వీధిలో ఏ పెళ్లికూతురి జడైనా ఆయన చేతి మీదుగా వెళ్లవలసిందే.

ఆయన్ను అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్లు కొల్లేరు లంకల్లోని జనం. ఏటా వరికోతలు అయ్యాక తాడేపల్లిగూడెంలో ఉండే కాంట్రాక్టరు సుబ్బారాయుడు గారు నాటకాలు కుదిర్చేవారు. లంకలకు పడవ మీద వెళ్లేవాళ్లం. నిండు కొలువులో అవమానపడి, జుట్టు విరబోసుకుని శపథం పట్టే రాణి వేషం ఆయనది. ఎప్పుడో, నేను పుట్టకముందు, ఒక లంకలో ఎవరో ఆ జుట్టు నిజం కాదని పందెం కాశారట. మహాలక్ష్మమ్మ అనే చేపలమ్మే ఆవిడ లేచి వేదిక ఎక్కి, జడ పట్టి లాగి చూసి, "నిజం జుట్టేనర్రా" అని చెప్పిందట. అప్పటినుంచి అక్కడ అది ఆచారమైపోయింది. ఏటా నాటకం మొదలుపెట్టే ముందు, ఇంకా వెలుతురు ఉండగానే, నాన్నగారు వేషంతో వచ్చి జనానికి వీపు పెట్టి నిలబడేవారు. మహాలక్ష్మమ్మ చేతులు కడుక్కుని వచ్చి జడను మూడుసార్లు లాగి, "నిజం జుట్టే" అని, ఒక కలువపువ్వు అందులో తురిమి దిగేది. అప్పుడుగాని హార్మోనియం మోగేది కాదు. ఆవిడ మాటంటే లంకలో తిరుగులేదు. తన గంపలో చేప నిన్నటిదైతే నిన్నటిదని తనే చెప్పేదట.

నాకు ఇదంతా గొప్పగానే ఉండేది, బడిలో చేరేదాకా. బడిలో పిల్లలు "మీ అమ్మా నాన్నల్లో ఎవరి జడ పొడుగే?" అని అడిగేవారు. మొదట్లో నిజాయితీగా జవాబు చెప్పేదాన్ని. వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలిశాక చెప్పడం మానేశాను. హైస్కూల్లో వార్షికోత్సవానికి నాకు పద్యపఠనంలో మొదటి బహుమతి వచ్చింది. పద్యం నేర్పింది నాన్నగారే. నా పేరు పిలవగానే ఆయన ఆడియన్సులోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఊపుకు తలగుడ్డ జారింది, ముడి విడిపోయింది, జుట్టంతా నడుం దిగి పడింది. హాలు హాలంతా ఒక్కసారిగా నవ్వింది. టీచర్లు కూడా చీరకొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను బహుమతి పుచ్చుకుని వేదిక వెనకనుంచే ఇంటికి వెళ్లిపోయాను. ఆయన వచ్చాక, "నాన్నగారూ, ఇంక మీరు మా బడికి రావద్దండి" అన్నాను. "అలాగేనమ్మా" అన్నారు. అంతే. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ రోజుల్లోనే ఆడవేషాలకు ఆడవాళ్లు రావడం ఎక్కువైంది. సుబ్బారాయుడు గారు మొహమాటస్థుడు, మొహం మీద చెప్పేవారు కాదు. నాటకం కుదిరిందని కబురు వస్తుంది, తర్వాత వాయిదా పడిందని ఇంకో కబురు వస్తుంది, ఆ రోజున నాటకం మాత్రం జరుగుతుంది. నాన్నగారు అన్నీ తెలిసి కూడా, "వాయిదా పడిందట" అని అమ్మకు చెప్పేవారు. అలాంటప్పుడు మద్రాసు నుంచి కార్డు వచ్చింది. ఎవరో సినిమావాళ్లు చుట్టపుచూపుగా తాడేపల్లిగూడెం వచ్చి నాన్నగారి నాటకం చూశారట. తమ చిత్రంలో ఒక వేషం ఉందని, వెంటనే బయలుదేరి రమ్మని రెండు వాక్యాలు. ఏ వేషమో రాయలేదు.

ఆ కార్డు మా వీధిలో అందరి చేతులూ తిరిగి, అంచులు మాసి, మళ్లీ మా ఇంటికి చేరింది. మంత్రి వేషమని ఒకరు, కథానాయకుడి అన్న అని ఒకరు. నాన్నగారు అరుగు మీద కూర్చుని, "సినిమాలో ఆడవేషాలకు ఆడవాళ్లే ఉన్నారు కదండీ. మగవేషానికే పిలిచి ఉంటారు" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఇప్పుడు ఊహించగలను. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "అయితే ఆ జుట్టు తీయించేసుకోండి నాన్నగారూ. మగవేషానికి జడేమిటి" అన్నాను. అమ్మ లోపలినుంచి వచ్చింది. "ఏవండీ, ముందు వెళ్లి వేషం ఏమిటో కనుక్కోండి. తీయించుకోవడం ఎంతసేపు, అక్కడా మంగలివాళ్లుంటారు" అంది. ఆయన అమ్మ వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "తీయించేస్తే నీకు బాగుంటుందా అమ్మడూ?" అని అడిగారు. ఉంటుందన్నాను.

మర్నాడు పొద్దున్నే అప్పన్న పొదితో వచ్చాడు. నాన్నగారికి ఏళ్ల తరబడి గడ్డం గీసినవాడు. కత్తెర తీసి, మళ్లీ పొదిలోనే పెట్టేశాడు. "బాబుగారూ, ఇంకోడెవడినైనా పిలిపించండి. నాకు చెయ్యాడట్లేదండి" అన్నాడు. "నువ్వైతే నెమ్మదిగా తీస్తావు, కానివ్వు" అన్నారు నాన్నగారు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. జుట్టు తెగేటప్పుడు పచ్చిగడ్డి కోస్తున్న చప్పుడు వచ్చింది. తల తేలికైపోయి, ఆయన మెడ ముందుకు వాలిపోయింది. ఇన్నేళ్లూ ఆ బరువును వెనక్కి పట్టి నిలబెట్టిన మెడ అది. నేను సంతోషించాను. ఈ మాట దాచుకుంటే నేనింత రాయడంలో అర్థం లేదు. స్టేషనుకు వెళ్లేటప్పుడు మొదటిసారిగా ఆయన చెయ్యి పట్టుకుని వీధిలో నడిచాను. క్రాపు తలతో, తెల్లటి చొక్కాతో ఆయన మా క్లాసు పిల్లల నాన్నల్లాగే ఉన్నారు. ప్లాట్‌ఫారం మీద మా బడి అమ్మాయి ఒకతె కనబడితే, పిలిచి మరీ చూపించాను.

ఎనిమిది రోజులకు తిరిగొచ్చారు. "నేను వెళ్లేసరికే ఆ వేషం వేరేవాళ్లకు ఇచ్చేశారమ్మా" అన్నారు. స్నానం చేసి, అన్నం తిని, ఆ పగలంతా పడుకున్నారు. రాత్రి కూడా లేవలేదు. సుబ్బారాయుడు గారి దగ్గరికి వెళ్తే, "సినిమాల్లోకి వెళ్లిపోయారు కదండీ అని, మీ వేషానికి ఒక అమ్మాయిని మాట్లాడేసుకున్నామండి" అన్నారట. లంకవాళ్లు మాత్రం ఆయనే కావాలని పట్టుబట్టారు. జడ కోయించిన రోజున అమ్మ పెరట్లోంచి జుట్టంతా ఏరి, గుడ్డలో చుట్టి దాచిందని అప్పుడు తెలిసింది. సవరాలు కట్టే ఆవిడకు ఇచ్చి కట్టించింది. సొంత జుట్టునే సవరంగా పెట్టుకోవలసి వచ్చిన ఆడవేషగాడు ఆయన ఒక్కరే అయ్యుంటారు.

ఆ ఏడు లంకకు అమ్మా నేనూ కూడా వెళ్లాం. నాన్నగారు ముందుగానే ఊరి పెద్దతో, "ఈసారి జడ పట్టడం వద్దండి, తలనొప్పిగా ఉంది" అని చెప్పుకున్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాడాయన. కానీ ఆ సంగతి మహాలక్ష్మమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదేమో. ఎండ తగ్గి, ఇంకా దీపాలు వెలిగించకముందే, నాన్నగారు దణ్ణం పెట్టడానికి వేదిక మీదికి రాగానే ఆవిడ కలువపువ్వుతో ఎక్కేసింది. జనం ఈలలు వేశారు. చేసేదిలేక ఆయన వీపు తిప్పి నిలబడ్డారు. నేను పక్క తెర వెనకనుంచి చూస్తున్నాను. ఆవిడ జడ పట్టుకుని ఒకసారి లాగింది. పిన్నులు జారాయి. సవరం వేలెడు కిందికి వచ్చేసింది. కింద కత్తిరించిన జుట్టు నాకు కనబడింది, ఆవిడకూ కనబడింది. జనానికి మాత్రం ఆవిడ వీపే అడ్డం. ఆవిడ ఎడమచెయ్యి ఆయన మెడ మీద అదిమిపెట్టి, సవరాన్ని అలాగే పట్టుకుని, కుడిచేత్తో రెండుసార్లు ఉత్తుత్తినే లాగినట్టు చేసింది. జనం వైపు తిరిగి, "నిజం జుట్టేనర్రా. నిరుటికంటే ఇంకో జానెడు పెరిగింది కూడాను" అంది. చప్పట్లు మోగాయి. పువ్వు తురుముతున్నట్టుగా పిన్నులు సర్దుతూ, ఆయన చెవి దగ్గర, "ఎవరు కోశారు బాబూ?" అని అడగడం నాకు వినపడింది. "నేనేనమ్మా" అన్నారు నాన్నగారు.

ఆ రోజు ఆయన వేసినట్టు ఎన్నడూ వెయ్యలేదని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. నేను మాత్రం చూడలేకపోయాను, పడవ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. తిరిగి వచ్చాక నాటకాల పెట్టెలోంచి పట్టుచీర తీసి అమ్మకు ఇచ్చేశారు. "చేప నిన్నటిదని చెప్పే మనిషి. నా కోసం ఊరందరి ముందూ అబద్ధం ఆడింది. ఇంక ముఖానికి రంగు వేసుకోను రాజ్యం" అని అమ్మతో అన్నారు. వేసుకోలేదు. ఏలూరులోనే ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరారు. చీర మడత విప్పి, తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పోసి చూపించేవారు. ఆయన భుజం మీద చూసిన చీరను వద్దనేవాళ్లు తక్కువని యజమాని మెచ్చుకునేవాడు. అక్కడ ఎవరూ నవ్వేవారు కాదు. అది దుకాణం కదా.

ఇప్పుడు మా మనవడు జుట్టు పెంచి వెనక ముడి వేసుకుంటాడు. కంపెనీ ఉద్యోగానికి కూడా అలాగే వెళ్తాడు. వీధిలో ఎవరూ తల తిప్పి చూడరు. మొన్న వాడి స్నేహితులొచ్చి, ఏ షాంపూ వాడుతున్నావని అడుగుతుంటే విన్నాను. సంతోషమే. కానీ వాణ్ణి చూసినప్పుడల్లా కాలం మీద నాకు పిచ్చి కోపం వస్తుంది. ఒక్కొక్కప్పుడు ఏ కారణం లేకుండా వాడి మీద విసుక్కుంటాను. వాడు నవ్వి ఊరుకుంటాడు. ఆ నిమ్మళం మా నాన్నగారిదే, నాది కాదు.

అసలు సంగతి నాకు తెలిసింది నాన్నగారు మద్రాసు వెళ్లొచ్చిన రెండేళ్లకు. ఆ సినిమా ఏలూరు వచ్చింది. అమ్మా నేనూ పగటి ఆటకు వెళ్లాం. నాన్నగారు దుకాణంలో ఉన్నారు, ఆట అయ్యేవేళకు హాలు దగ్గరికి వచ్చి ఇంటికి తీసుకువెళ్తానన్నారు. సగం సినిమా అయ్యాక ఒక పాత నాటకాల మనిషి పాత్ర వచ్చింది. ఆడవేషాలు వేసి వేసి, మోకాళ్లదాకా జడతో, ముసలితనంలో ఒంటరిగా మిగిలిపోయిన మనిషి. వేసినవాడెవడో సవరం పెట్టుకుని వేశాడు. తల తిప్పితే జడ ఒక పక్కకు, తల ఒక పక్కకు. హాలంతా పడి పడి నవ్వింది. మంత్రి కాదు, అన్న కాదు, మా నాన్నగారిని పిలిచింది ఆ వేషానికి. ఆ జడ కోసమే పిలిచారు. ఆయన దాన్ని కోయించుకుని వెళ్లి వాళ్ల ముందు నిలబడ్డారు. అమ్మ వైపు తిరిగాను. అమ్మ తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే, "వచ్చిన రోజే నాకు చెప్పారు. నీతో అనొద్దన్నారు. పిల్ల తన వల్లేననుకుంటుంది అన్నారు" అంది.

బయటికి వచ్చేసరికి నాన్నగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నా ముఖం చూడగానే నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసిపోయి ఉంటుంది. ముగ్గురం కాలవ గట్టున నడుస్తున్నాం. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. కొంతదూరం పోయాక ఆయనే, "అతను, ఆ ముసలివేషం వేసినతను, ఎలా వేశాడమ్మడూ?" అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

"బాగా నవ్వించాడు నాన్నగారూ" అన్నాను.

ఆయన నడక ఆపేశారు. నిజంగానే అర్థంకానట్టు, తెలుసుకుందామన్నట్టు నా వైపు చూశారు.

"అందులో నవ్వడానికేముందమ్మా?" అన్నారు.